రసీదు తీసుకున్నాం... బాధ్యత తీరిందా?



రమజాన్ మాసం వచ్చిందంటే చాలు, శుక్రవారం నమాజు ముగిసీ ముగియగానే మస్జిద్ గుమ్మం దగ్గర రసీదు పుస్తకాలు పట్టుకున్నవారు బారులు తీరి కనిపిస్తారు. ఒకరు యతీంఖానా కోసం, మరొకరు మదరసా కోసం, ఇంకొకరు దిక్కులేని వృద్ధుల ఆశ్రమం కోసం చేయి చాస్తారు. మనం జేబులో చేయి పెడతాం. చేతికి తగిలిన నోటు ఇస్తాం. రసీదు మడిచి జేబులో వేసుకుని చెప్పులు తొడుక్కుంటాం. ఇంటికి చేరేసరికి ఆ రసీదు ఎవరి పేరున ఉందో కూడా మనకు గుర్తుండదు.

ఇవ్వడం మంచిపనే. అందులో సందేహం లేదు. అల్లాహ్ ప్రసన్నత కోరి ఇచ్చిన ఖర్జూరపు ముక్క కూడా వృథా కాదని మన విశ్వాసం. అయితే మనల్ని మనం ఒక్క ప్రశ్న వేసుకోవలసి ఉంది. రసీదు తీసుకోవడంతో అనాథ పట్ల, వృద్ధుని పట్ల మన బాధ్యత తీరిపోయిందా? రేపు తీర్పుదినాన మన చేతిలోని కర్మపత్రాన్ని చూపవలసి వచ్చినప్పుడు ఈ కాగితం ముక్క సరిపోతుందా?

అనాథగా పెరిగిన ప్రవక్త (స)

మానవాళికి మార్గదర్శిగా అల్లాహ్ ఎన్నుకున్న మహనీయుడు ఒక అనాథ. మహాప్రవక్త ముహమ్మద్ (స) ఇంకా తల్లి గర్భంలో ఉండగానే తండ్రి అబ్దుల్లాహ్ కన్నుమూశారు. ఆరేళ్ళ వయసులో తల్లి ఆమినా ప్రయాణంలో అబ్వా అనేచోట మరణించారు. ఆ తర్వాత అక్కున చేర్చుకున్న తాత అబ్దుల్ ముత్తలిబ్ కూడా ఎనిమిదేళ్ళ వయసులో దూరమయ్యారు. చివరికి తండ్రి సోదరుడు అబూతాలిబ్, తనది పెద్ద సంసారమైనా, రాబడి అంతంతమాత్రమైనా, ఆ పసివాణ్ణి తన బిడ్డల్లో ఒకడిగా పెంచుకున్నారు.

దివ్యఖుర్ఆన్‌లోని 'అజ్జుహా' సూరాలో అల్లాహ్ తన ప్రవక్తకు ఈ గతాన్నే గుర్తుచేస్తాడు. అనాథగా ఉన్న నీకు నీడ దొరకలేదా అని అడిగి, కనుక అనాథను కసురుకోవద్దని, అడిగేవాణ్ణి గద్దించవద్దని ఆదేశిస్తాడు. గమనించండి. ఇక్కడ డబ్బు ప్రస్తావన లేదు. మాట తీరు ప్రస్తావన ఉంది. అనాథకు మొదట కావలసింది అన్నం మాత్రమే కాదు, కసురుకోని మాట కూడా.

'అల్ మాఊన్' సూరా మరింత తీవ్రంగా హెచ్చరిస్తుంది. అనాథను గెంటివేసేవాడు, పేదకు అన్నం పెట్టమని ప్రోత్సహించనివాడు ధర్మాన్నే తిరస్కరించినవాడని అది తేల్చి చెబుతుంది. వెంటనే చూపుకోసం నమాజు చేసేవారిని, చిన్నపాటి సాయం కూడా నిరాకరించేవారిని దుయ్యబడుతుంది. అంటే సజ్దాలో నేలకు ఆనిన నుదురుకూ, అనాథను గెంటిన చేతికీ పొత్తు కుదరదన్న మాట.

ఇక శుభవార్త వినండి. అనాథను సంరక్షించే వ్యక్తీ, తానూ స్వర్గంలో ఇలా ఉంటామని దైవప్రవక్త (స) తన చూపుడు వేలినీ, మధ్యవేలినీ కలిపి చూపించారని సహీహ్ బుఖారీలో ఉంది. మనం ప్రవక్త (స) సాంగత్యం కోసం రాత్రింబవళ్ళు దుఆ చేస్తాం. ఆ సాంగత్యానికి దారి మన వీధిలోనే, తండ్రి లేని ఏ బిడ్డ గుమ్మం ముందో ఉందని మరచిపోతాం.

కఫాలత్ అంటే ఏమిటి?

ఆ హదీసులోని సంరక్షణను మన ఉలమా 'కఫాలత్' అంటారు. నెలకింత అని పంపి చేతులు దులుపుకోవడం కఫాలత్ కాదు. ఆ బిడ్డ తిండి, బట్ట, చదువు, నడవడి, ఆస్తి, వివాహం, ఇవన్నీ తన బిడ్డవైతే ఎలా చూస్తామో అలా చూడటమే కఫాలత్.

షరీఅత్ పరిభాషలో యతీం అంటే యుక్తవయసు రాకముందే తండ్రిని పోగొట్టుకున్న బిడ్డ. తల్లి బతికి ఉన్నా ఆ బిడ్డ యతీమే. ఈ నిర్వచనం మనకు ఒక ముఖ్యమైన సంగతి నేర్పుతుంది. మన చుట్టూ ఉన్న అనాథల్లో చాలామందికి తల్లి ఉంది. కూలికి వెళ్ళో, బీడీలు చుట్టో, కుట్టుమిషను తొక్కో బిడ్డను సాకడానికి పెనుగులాడుతున్న తల్లి ఉంది. ఆమెకు నెలకు సరిపడా సాయం అందితే ఆ బిడ్డ తల్లి ఒడిలోనే పెరుగుతాడు. అందకపోతే ఆ బిడ్డను ఎక్కడో దూరాన ఉన్న హాస్టలులో వదిలి, కళ్ళు తుడుచుకుంటూ వెనుదిరుగుతుంది. అంటే తండ్రిని పోగొట్టుకున్న బిడ్డకు మన నిర్లక్ష్యం తల్లిని కూడా దూరం చేస్తోందన్న మాట!

మన దేశ చట్టం కూడా ఈ మాటే అంటోంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం బిడ్డను సంస్థలో చేర్చడం అన్ని దారులూ మూసుకుపోయాక ఎంచుకోవలసిన చివరి దారి. ఇంటివద్దే ఉంచి పెంచే తల్లులకు ప్రభుత్వం మిషన్ వాత్సల్య పథకం కింద స్పాన్సర్‌షిప్ సాయం అందిస్తోంది. 2022 నాటి మార్గదర్శకాల్లో ఇది బిడ్డకు నెలకు 4000 రూపాయలు. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు చేసుకోవాలి. మన మహల్లాలో ఎందరు వితంతు తల్లులకు ఈ సంగతి తెలుసు? తెలిసినా ఆ దరఖాస్తు నింపిపెట్టే చదువుకున్న యువకుడు ఎక్కడ? ఒక పూట సెలవు పెట్టి ఆమె వెంట కార్యాలయానికి వెళ్ళడం కూడా సదఖాయే సుమా!

ముసలితనంలో వదిలేయడం న్యాయమా?

'బనీ ఇస్రాయీల్' సూరాలో అల్లాహ్ తన ఆరాధన ఆదేశం వెంటనే తల్లిదండ్రుల పట్ల సద్వర్తనను ఆదేశించాడు. వారు వృద్ధాప్యానికి చేరుకుంటే విసుగుతో 'ఛీ' అని కూడా అనవద్దన్నాడు. వినయంతో భుజాలు వంచి ఉండమన్నాడు. పసితనంలో వారు మనల్ని పెంచినట్టే వారిని కరుణించమని దుఆ చేయమన్నాడు. పిల్లలను కరుణించనివాడు, పెద్దలను గౌరవించనివాడు మనలోనివాడు కాడని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఆ రెండు తరాలనూ ఒకే వాక్యంలో చేర్చారంటే ఒకే హృదయం ఆ రెంటినీ మోయాలని అర్థం.

కనుక వృద్ధాశ్రమం గురించి మాట్లాడేముందు ఒక మాట స్పష్టంగా చెప్పుకుందాం. కొడుకులూ కూతుళ్ళూ ఉన్న తల్లిదండ్రులకు ఆశ్రమం చోటు కాదు. మన ఫుఖహా ఒక సూక్ష్మమైన నియమం చెప్పారు. కన్న తల్లిదండ్రులకు జకాత్ సొమ్ము ఇవ్వకూడదు. ఎందుకని? వారి పోషణ మన సొంత సొమ్ముతో నెరవేర్చవలసిన విధి కనుక. దానధర్మాల పద్దులో వారిని చేర్చడమే తప్పు. తల్లికి మందులు కొనిపెట్టి 'దానం చేశాను' అనుకునేవాడు తన అప్పును దానమని పిలుస్తున్నాడు.

చట్టం కూడా దీన్ని గుర్తించింది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. నిర్లక్ష్యానికి గురైన తల్లిదండ్రులు ట్రిబ్యునల్‌కు వెళ్ళి పోషణ ఖర్చులు రాబట్టుకోవచ్చు. చూసుకోవలసిన బాధ్యత ఉన్నవారు వృద్ధులను వదిలేసిపోతే మూడు నెలల వరకు జైలుశిక్ష కూడా ఉంది. ఖుర్ఆన్ చదివే ఇంట్లోని తల్లి, కొడుకు మీద ఫిర్యాదు పత్రం పట్టుకుని అధికారి ముందు నిలబడవలసి రావడం కంటే సిగ్గుచేటు మరొకటి ఉందా?

అయితే ఎవరూ లేని వృద్ధులు ఉన్నారు. సంతానం లేనివారు, బిడ్డలు తమకంటే ముందే పోయినవారు, జీవితమంతా ఇతరుల ఇళ్ళలో పనిచేసి చివరికి ఒంటరిగా మిగిలినవారు. వీరి బాధ్యత సమాజానిది. హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో జరిగిన ఒక సంఘటనను ఇమామ్ అబూ యూసుఫ్ తన 'కితాబుల్ ఖరాజ్'లో నమోదు చేశారు. ఒక ముసలి యూదుడు చూపు కోల్పోయి గుమ్మాల దగ్గర యాచిస్తూ కనిపించాడు. కారణం అడిగితే వయసు, అవసరం, చెల్లించవలసిన జిజియా అన్నాడు. ఉమర్ (రజి) అతని చేయిపట్టుకుని తన ఇంటికి తీసుకెళ్ళి ఉన్నది ఇచ్చారు. తర్వాత బైతుల్‌మాల్ అధికారిని పిలిపించి, ఇతని వయసు శక్తిని మనం వాడుకుని ముసలితనంలో వదిలేయడం న్యాయం కాదని చెప్పి, అతనికీ అతనిలాంటివారికీ జిజియా మాఫీ చేయించారు.

ఇక్కడ రెండు పాఠాలున్నాయి. ఒకటి, ఆదుకునేటప్పుడు మతం అడగలేదు. రెండు, ఆయన జేబులోంచి ఇచ్చి ఊరుకోలేదు. అలాంటివారందరికీ వర్తించే ఏర్పాటు చేశారు. జాలి ఒక మనిషికి ఒక పూట సాయపడుతుంది. ఏర్పాటు వందమందికి ఏళ్ళతరబడి సాయపడుతుంది.

సంస్థలు ఎలా పుట్టాయి?

ఏర్పాటుకు మన ధర్మంలో పునాది వక్ఫ్. ఖైబర్‌లో తనకు దక్కిన విలువైన భూమిని ఏం చేయమంటారని ఉమర్ (రజి) అడిగితే, అసలును అలాగే ఉంచి ఫలాన్ని దానం చేయమని దైవప్రవక్త (స) సూచించారు. ఆ భూమిని అమ్మడం, కానుకగా ఇవ్వడం, వారసులకు పంచడం కుదరదు. దాని రాబడి పేదలకు, బంధువులకు, బాటసారులకు. అప్పటినుంచి శతాబ్దాలపాటు ముస్లిం నగరాల్లో ఆసుపత్రులు, సరాయిలు, అన్నశాలలు ఈ వక్ఫ్ మీదే నడిచాయి.

మన దేశంలో చూడండి. 1921లో మలబారులో జరిగిన తిరుగుబాటు, అణచివేతల తర్వాత వేలాది మాపిళ్ళ కుటుంబాలు దిక్కులేనివయ్యాయి. ఆ వార్త విని పంజాబు నుంచి మౌలానా అబ్దుల్ ఖాదిర్ కసూరీ అంత దూరం వచ్చారు. 1922లో కోళికోడ్‌లో జేడీటీ ఇస్లాం అనాథాశ్రమానికి అంకురార్పణ జరిగింది. భాష వేరు, తిండి వేరు, వేష భాషలు వేరు. కలిపింది అనాథ కన్నీరు మాత్రమే. 1943లో అదే మలబారును కలరా కబళించినప్పుడు తిరూరంగాడిలో మరో ముస్లిం అనాథాశ్రమం వెలిసింది. మన హైదరాబాదులో నాంపల్లిలోని అనీసుల్ గుర్బా యతీంఖానా పేరు తరతరాలవారికి తెలుసు.

సరిహద్దు ఆవల అబ్దుస్సత్తార్ ఈధీ జీవితం కూడా ఆలోచింపజేసేదే. ఆయన 1928లో గుజరాత్‌లోని బాంట్వాలో పుట్టారు. పదకొండేళ్ళ వయసులో తల్లి పక్షవాతానికి గురైతే ఆమెకు స్నానం చేయించి, అన్నం తినిపించి ఏళ్ళతరబడి సేవ చేశారు. ఆ సేవే తన జీవితానికి దారి చూపిందనేవారు. దేశవిభజన తర్వాత కరాచీ చేరి 1951లో ఒక చిన్న డిస్పెన్సరీతో మొదలుపెట్టారు. తర్వాత అంబులెన్సులు, అనాథాశ్రమాలు, వృద్ధుల ఇళ్ళు నెలకొల్పారు. తన కేంద్రాల ముందు ఊయలలు కట్టించి, బిడ్డను చంపవద్దు, ఇందులో వదిలిపెట్టండని రాయించారు. మన దేశం నుంచి దారితప్పి అక్కడికి చేరిన, మాట వినికిడి లేని బాలిక గీతను ఈధీ దంపతులు ఏళ్ళపాటు పోషించారు. ఆమె తన ధర్మం ప్రకారం పూజ చేసుకోవడానికి చోటు కల్పించారు. 2015 అక్టోబరులో గీత భారతదేశానికి తిరిగివచ్చింది. కృతజ్ఞతగా మన ప్రధాని ప్రకటించిన కోటి రూపాయలను ఈధీ సంస్థ వినయంగా వద్దంది. 2016లో ఆయన కన్నుమూసే నాటికి సొంతమని చెప్పుకోవడానికి ఏమీ లేదు.

ఊయల సంగతి కొత్తదేమీ కాదు. ఉమర్ (రజి) కాలంలో ఒక వ్యక్తి దారిలో దొరికిన పసికందును తెస్తే, బిడ్డను నీవు పెంచు, ఖర్చు మాది అని ఆయన చెప్పిన సంగతి 'మువత్తా'లో ఉంది. పసికందు ఎవరి బిడ్డ అన్న విచారణ కంటే పాలు ఎవరు పోస్తారన్నదే ముందు. అయితే నేడు మనకు అలాంటి బిడ్డ కనిపిస్తే సొంతంగా ఎవరికో అప్పగించకూడదు. 1098కి ఫోన్ చేసి అధికారులకు తెలియజేయాలి. ఆదరణలేని వృద్ధుల కోసం 14567 నంబరు ఉంది. ఈ రెండు నంబర్లూ మస్జిద్ నోటీసు బోర్డు మీద రాసి ఉంచితే ఎంత బాగుంటుంది!

అమానత్ భారం

సంస్థలు నడిపే సోదరులకు రెండు మాటలు. మీరు మోస్తున్నది అల్లాహ్ అమానత్. 'అన్నిసా' సూరాలో అనాథల సొమ్మును అన్యాయంగా తినేవారు తమ కడుపుల్లో నిప్పు నింపుకుంటున్నారన్న హెచ్చరిక ఉంది. ఆ సూరాలోనే సంరక్షకుడు కలిగినవాడైతే ఏమీ తీసుకోవద్దని, పేదవాడైతే ధర్మసమ్మతంగా మాత్రమే తీసుకోవాలని, ఆస్తి అప్పగించేటప్పుడు సాక్షులను పెట్టుకోమని ఉంది. సాక్షులంటే నేటి భాషలో ఆడిట్ చేసిన లెక్కలే కదా!

దైవప్రవక్త (స) ఒక వ్యక్తిని జకాత్ వసూలుకు పంపారు. తిరిగివచ్చి ఇది మీది, ఇది నాకు కానుకగా వచ్చిందన్నాడు. ఆయన మింబర్ ఎక్కి, అతను తన తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అని నిలదీశారు. వసూలు చేసిన దాంట్లో సగం తమకే మిగుల్చుకునే రసీదు పుస్తకాల వ్యవహారం ఎక్కడైనా ఉంటే ఈ హదీసు ముందు అది నిలుస్తుందా? జకాత్‌కు ఖుర్ఆన్ నిర్దేశించిన ఎనిమిది పద్దులున్నాయి. దాన్ని విడిగా లెక్కవేయాలి. సదఖా సొమ్ముతో కలిపి గోడలకు సున్నం వేయించకూడదు. పిల్లల ఆశ్రమమైతే బాలల న్యాయ చట్టం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మనది మంచిపనే కదా, కాగితాలెందుకు అనుకోవద్దు. ఆ కాగితాలు బిడ్డల రక్షణ కోసమే.

దాతలు లెక్క అడగడం అనుమానం కాదు. లెక్క చెప్పడం అవమానం కాదు. తన ఒంటిమీది వస్త్రం గురించి నిలదీస్తే ఖలీఫా ఉమర్ (రజి) అందరి ముందే లెక్క చెప్పారన్న వృత్తాంతం మనలో ఎవరికి తెలియదు?

ఒక ఫోటో, ఒక ప్రశ్న

ఇప్పుడు మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఒక రమజాన్‌లో మేము కొందరు మిత్రులం కలిసి ఒక అనాథాశ్రమంలో ఇఫ్తార్ ఏర్పాటు చేశాం. పండ్లు, హలీం, కొత్త బట్టలు తీసుకెళ్ళాం. పిల్లలను వరుసగా నిలబెట్టి ఒక్కొక్కరి చేతికి బట్టలు ఇస్తూ ఫోటోలు తీయించుకున్నాం. వరుసలో ఒక పన్నెండేళ్ళ బాబు తల ఎత్తలేదు. ఇటు చూడు నాన్నా అంటే మెల్లగా అడిగాడు: "ఈ ఫోటో మా బడిలో వాళ్ళు కూడా చూస్తారా సార్?"

మేము జవాబు చెప్పలేకపోయాం. ఫోన్ జేబులో పెట్టుకున్నాం గానీ అప్పటికి చాలా ఫోటోలు పోయాయి. కుడిచేయి ఇచ్చింది ఎడమచేయికి తెలియనంత గోప్యంగా ఇచ్చేవానికి తీర్పుదినాన అర్ష్ నీడ లభిస్తుందని హదీసు. మేము మాత్రం వందల మందికి తెలిసేలా ఇచ్చాం. ఎత్తిపొడిచి, బాధపెట్టి దానాన్ని వ్యర్థం చేసుకోవద్దని 'అల్ బఖరా' సూరా చెప్పిన మాట ఎన్నోసార్లు చదివాం. ఆ రోజు ఒక బాలుడు దాని అర్థం చెప్పాడు.

అదే ఏడాది పండుగనాడు ఒక వృద్ధాశ్రమానికి వెళ్ళాం. ఒక అవ్వ మంచం పక్కన ఖీర్ డబ్బాలు వరుసగా ఉన్నాయి. ఆమెకు షుగరు జబ్బు. "ఇన్ని డబ్బాలు ఏం చేసుకోను బేటా! కాసేపు కూర్చో. మాట్లాడేవాళ్ళు లేరు" అంది. ఆమె దగ్గర కూర్చున్నది అరగంటే. పండుగ అయిన పదిరోజులకు వెళితే ఆ మంచాల దగ్గర డబ్బాలూ లేవు, మనుషులూ లేరు.

ఆహారాన్ని ఇష్టపడుతూ కూడా పేదకు, అనాథకు, ఖైదీకి పెట్టేవారిని 'అద్దహ్ర్' సూరా ప్రశంసిస్తుంది. వారు ప్రతిఫలం గానీ కృతజ్ఞత గానీ కోరరని చెబుతుంది. మనం కృతజ్ఞత నోటితో కోరకపోవచ్చు. కెమెరాతో కోరుతున్నామేమో ఆలోచించుకుందాం.

మనం చేయగలిగినవి

ముందు మన రక్తసంబంధీకులలో వెతుకుదాం. అన్న పోయాక వదిన ఎలా బతుకుతోంది? ఆమె పిల్లల ఫీజు ఎవరు కడుతున్నారు? తల్లిదండ్రులకు జకాత్ చెల్లదు గానీ, పేదవారైన తోబుట్టువులకు, వారి అనాథ బిడ్డలకు చెల్లుతుంది. బంధువుకు చేసిన దానానికి రెండు పుణ్యాలు, ఒకటి దానానిది, మరొకటి బంధుత్వానిదని దైవప్రవక్త (స) చెప్పారు. సొంత అన్న బిడ్డను మరచి, దూరపు యతీంఖానా రసీదు చింపించుకోవడంలో ఔచిత్యం ఏముంది?

తర్వాత మన మహల్లా. మస్జిద్ కమిటీ దగ్గర వితంతువుల, అనాథల, ఒంటరి వృద్ధుల జాబితా ఉందా? లేకపోతే ఈ వారమే ఒక నోటు పుస్తకం తెరుద్దాం. అందులో మతం గడి పెట్టవద్దు. పొరుగువాని హక్కు పొరుగువానిదే.

ఆ తర్వాత సంస్థ. ఏడాదికి ఒకసారి పెద్ద నోటు కంటే నెలనెలా చిన్న మొత్తం మేలు. కొద్దిదైనా క్రమం తప్పని ఆచరణే అల్లాహ్‌కు ప్రియమైనదని హదీసు ఉంది కదా! షవ్వాల్‌లోనూ, సఫర్‌లోనూ పిల్లలకు ఆకలి వేస్తుంది. ఇవ్వబోయే చోటికి ఒకసారి వెళ్ళి చూద్దాం. వంటగది చూద్దాం, లెక్కల పుస్తకం అడుగుదాం. ఫోన్ జేబులోనే ఉంచుదాం.

చివరగా మన సమయం. నెలకు ఒక్క ఆదివారం ఒక బిడ్డకు లెక్కలు నేర్పుదాం. ఒక వృద్ధుణ్ణి కంటి ఆసుపత్రికి తీసుకెళ్దాం. మరేమీ చేతకాకపోతే ఆ అవ్వ అడిగినట్టు కాసేపు పక్కన కూర్చుందాం.

మన హృదయాలు కఠినమయ్యాయని అనిపిస్తే మందు కూడా ప్రవక్త (స) చెప్పారు. పేదకు అన్నం పెట్టు, అనాథ తల నిమురు అన్నారు. తల నిమరాలంటే దగ్గరికి వెళ్ళక తప్పదు. రసీదుతో తల నిమరలేం.

ఓ అల్లాహ్! మాకు ఇచ్చిన సంపదలో నీ దాసుల హక్కును గుర్తించే జ్ఞానాన్ని ప్రసాదించు. మా దానాలను ప్రదర్శనాబుద్ధి నుంచి కాపాడు. మా తల్లిదండ్రులను ఇతరుల దయకు వదలనీయకు. మేము లేని నాడు మా బిడ్డలపై కరుణ చూపే చేతులను సిద్ధం చెయ్యి, ఈనాడు మా చేతులను ఇతరుల బిడ్డలకు సిద్ధం చెయ్యి. ఆమీన్!